ఎదురు మెలిక

మేజర్ కోర్‌ఫీల్డ్ కారు గడ్డిమోపుల్లోకి దూసుకెళ్ళిన చప్పుడు నేను వినలేదు. నేను విన్నది అంతకు ఒక్క క్షణం ముందు వచ్చిన చప్పుడు. రెండో గేరు పడబోయి, పడక, ఇనుప పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కున్న చప్పుడు. ముప్ఫై ఏడేళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్నదాన్ని. ఆ అరుపు నాకు నా పంటినొప్పిలా తెలుసు.

హాక్‌స్టో కొండ దారిలో రెండో మలుపుకి మొహమాటం లేదు. మూడో గేరులోంచి రెండుకి దిగితే తిరగనిస్తుంది. దిగకపోతే పక్కకి తోసేస్తుంది. తోసేసింది.

నేను వెళ్ళేసరికి ఆకుపచ్చ కర్లూ ముక్కు గడ్డిలో దూరి ఉంది. 1961లో తయారైన రెండు సీట్ల కారు. మేజర్ ఎడమ మణికట్టు కుడిచేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. టై కూడా చెదరలేదు.

"థెల్మా గార్బెట్!" అని అరిచాడు నన్ను చూడగానే. "ఇదా నువ్వు కట్టిన గేర్‌బాక్సు? క్లచ్చి పూర్తిగా తొక్కాను. రెండోసారి కూడా తొక్కాను. లోపలికి పోలేదు!"

"ముందు ఆ చెయ్యి ఎవరికైనా చూపించండి."

"చెయ్యి సంగతి నాకొదిలెయ్. గేర్‌బాక్సు సంగతి చెప్పు!"

"నాలుగోది" అన్నారెవరో తాడు అవతల నిలబడ్డ జనంలోంచి. "ఈ ఏడాది ఆవిడ కట్టినవి పోవడం ఇది నాలుగోసారి."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మాది పాత కార్లతో కొండ ఎక్కే పందేలు పెట్టే క్లబ్బు. అందులో ఒక పద్ధతి ఉంది. కొండ ఎక్కే ప్రతి పాత కారుకీ బ్రేకులు, గేర్‌బాక్సు, వెనక చక్రాలని తిప్పే డిఫరెన్షియల్ బాగున్నాయని ఒక వర్క్‌షాపు సంతకం పెట్టాలి. ఆ వర్క్‌షాపు క్లబ్బు జాబితాలో ఉండాలి. జాబితాలో ఉన్నవి రెండే. ఒకటి మా నాన్న పెట్టి నాకిచ్చిన 'గార్బెట్ అండ్ డాటర్'. రెండోది క్లైవ్ డగ్గన్‌ది. జాబితాలోంచి నా పేరు తీసేస్తే నా దగ్గరికి వచ్చే పనిలో పదింట తొమ్మిది వంతులు పోతుంది. క్రిస్మస్ లోపే తలుపులు మూసుకోవాలి. ఆ సాయంత్రం అయిదింటికి తెల్ల గుడారంలో కమిటీ కూర్చుంటోంది. చర్చించాల్సిన మొదటి విషయం నా పేరే అని పొద్దున్నే బోర్డు మీద అంటించారు. అప్పటికి చెడిపోయినవి మూడే. ఇప్పుడు నాలుగు.

టైము ఒంటిగంటా పది.

* * *

కారుని తాడు కట్టి కిందకి లాక్కొచ్చి మైదానంలో నా వ్యాను పక్కన పెట్టించాను. వ్యానులోంచి జాకీలు దించుతుండగానే ఆబ్రే థ్రింగ్ వచ్చాడు.

ఆబ్రే మా క్లబ్బు అధ్యక్షుడు. మా నాన్న స్నేహితుడు. క్లబ్బు పత్రికలో ఇరవయ్యారేళ్ళుగా సాంకేతిక సలహాలు రాస్తున్నాడు. ఏ స్క్రూ ఎంత బిగించాలో, ఏ వానకి ఏ టైరు వెయ్యాలో ఆయన రాస్తాడు, అందరూ కత్తిరించి గ్యారేజీ గోడకి అంటించుకుంటారు. తెల్లజుట్టు, క్లబ్బు టై, చేతిలో గొడుగు. ఆ గొడుగు ఎండలో కూడా ఉంటుంది. మా ష్రాప్‌షైర్ కౌంటీలో ఎండని ఎవరూ నమ్మరు.

"పాపం, బాగా అలసిపోయినట్టున్నావ్, అమ్మాయ్" అన్నాడు. నాకు యాభై అయిదేళ్ళు.

"ఇంకా మొదలేపెట్టలేదు, ఆబ్రే."

జేబులోంచి ఒక కవరు తీశాడు. "అయిదింటి దాకా ఎందుకు? అందరి ముందూ ఆ మాటలన్నీ ఎందుకు? నువ్వే తప్పుకుంటున్నట్టు రెండు వాక్యాలు టైపు చేయించాను. కింద సంతకం పెట్టు చాలు. అక్టోబరులో నీ పేరు మీద మంచి విందు చేస్తాం. వెండి ట్రే ఇస్తాం, పేరు చెక్కించి."

"ట్రే నేనేం చేసుకోను? టీ నేను మగ్గులో తాగుతా."

"థెల్మా. మీ నాన్న ఉంటే ఏమనేవాడో తెలుసా?"

"తెలుసు. 'కింద పానా పెట్టి విప్పు, తర్వాత మాట్లాడు' అనేవాడు."

కవరు నా పనిముట్ల పెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. గొడుగు ఊపుకుంటూ, ఎవరో పలకరిస్తే నవ్వుతూ. ఆయన మీద నాకు కోపం రాలేదు. నిజంగానే నా మంచికే చెప్తున్నాడనుకున్నాను.

అవతల కొత్త వ్యానుకి ఆనుకుని క్లైవ్ డగ్గన్ చూస్తున్నాడు. నలభై ఏళ్ళవాడు, నోటికి అదుపు లేదు. చెడిపోయిన మొదటి మూడు కార్లూ నా దగ్గరికి తిరిగి రాలేదు. అతని దగ్గరికే వెళ్ళాయి.

"థెల్మా! నీ వర్క్‌షాపు బోర్డు అమ్మేస్తావా? మంచి ఓకు చెక్క. నా పేరు రాయించుకుంటా."

"దాని మీద 'డాటర్' అని చెక్కి ఉందోయ్. గౌను కుట్టించుకుంటావా మరి?"

"కొలతలు తీసుకో!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పుడు నేను ఏడవడం తప్ప ఏం చేసినా నాకే లాభం.

* * *

"మేజర్, మీరు ఇక్కడే నిలబడాలి" అన్నాను. మణికట్టుకి కట్టు కట్టించుకుని అతను తిరిగొచ్చాడు. చెయ్యి మెడకి వేలాడదీసి ఉంది. "నేను ఆయిల్ దింపుతాను. మీ కళ్ళ ముందే దింపుతాను. తర్వాత ఎవరూ ఏదో కలిపానని అనకూడదు."

"ఆయిల్‌కీ దీనికీ ఏం సంబంధం?"

"చూద్దాం."

కారు కిందకి దూరాను. గేర్‌బాక్సు అడుగున ఆయిల్ దింపే బిరడా ఉంటుంది. అది ప్రయాణంలో వదులవకుండా సన్నటి ఉక్కు తీగ దాని తలలోంచి దూర్చి, రెండు పోగులూ కలిపి మెలిపెట్టి, పక్క బోల్టుకి కడతాం. అందరూ కడతారు. టార్చి వేశాను.

తీగ ఉంది. శుభ్రంగా కట్టారు. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏమైంది?" అన్నాడు మేజర్ పైనుంచి.

"మీరు కిందకి రావాలి."

"ఒంటిచేత్తోనా?"

"కొండ మీద తిట్టడానికి రెండు చేతులూ అక్కర్లేకపోయింది కదా. రండి."

గొణుక్కుంటూ గడ్డి మీద వెల్లకిలా పడుకుని జరిగాడు. టార్చి తీగ మీద పెట్టాను.

"ఈ మెలిక నాది కాదు, మేజర్."

"మెలిక మెలికే. ఎవరిదైతే ఏంటి?"

"నాది ఎడమచేతి వాటం. పట్టకారుతో తీగ పట్టుకుని ఎడమ చేత్తో తిప్పుతాను. నా మెలికలు అందరి మెలికలకీ ఎదురు తిరుగుతాయి. నాన్న తిట్టేవాడు, మారలేదు. ఇది కుడిచేత్తో తిప్పింది. పోయిన అక్టోబరులో నేను ఈ కారు మీకిచ్చాక ఎవరో ఈ బిరడా విప్పారు. విప్పి మళ్ళీ బిగించి తీగ కట్టారు. మీరా?"

అతని మొహం ఎర్రబడింది. "నేనా? నాకు బూట్ల లేసు కట్టుకోవడమే కష్టం ఈ వయసులో. ఒట్టు, నేను ముట్టుకోలేదు."

నమ్మాను. మేజర్ అరుస్తాడు కానీ అబద్ధం చెప్పడు.

తీగ తుంచి జేబులో వేసుకున్నాను. బిరడా విప్పి ఆయిల్ శుభ్రమైన గిన్నెలోకి దింపాను. ఎండలో పెట్టి చూస్తే అందులో బంగారు పొడి తేలుతోంది. బంగారం కాదు, ఇత్తడి. వేలికి రాసి మేజర్‌కి చూపించాను.

"ఇదీ మీ రెండో గేరు. లోపల ఒక్కో గేరుకీ ఒక ఇత్తడి రింగు ఉంటుంది. గేరు మారేటప్పుడు అది ముందు పట్టుకుని వేగం సరిచేస్తుంది. అప్పుడే పళ్ళు కలుస్తాయి. ఆ రింగుని ఏదో తినేసింది."

"ఏది తినేసింది?"

వాసన చూశాను. నాకు తెలిసిపోయింది. కానీ నాకు తెలిస్తే సరిపోదు. అయిదింటికి కమిటీకి కూడా తెలియాలి, అదీ వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసి.

* * *

ఈ పాత కార్లలో గేర్‌బాక్సుకి ఒక ఆయిల్, వెనక డిఫరెన్షియల్‌కి ఒక ఆయిల్. గేర్‌బాక్సుకి జీఎల్ నాలుగు. డిఫరెన్షియల్‌కి జీఎల్ ఐదు. డబ్బాలు ఒకలాగే ఉంటాయి. దుకాణాల్లో ఇప్పుడు ఐదే దొరుకుతుంది. నాలుగు కావాలంటే వెతుక్కోవాలి. నేను వెతుక్కుంటాను.

"ఐదు అంటే నాలుగు కంటే మంచిదే కదా?" అన్నాడు మేజర్. అందరూ అలాగే అంటారు.

"ఐదో నంబరు బూటు నాలుగో నంబరు బూటు కంటే మంచిదా, మేజర్? ఎవరి కాలికి పట్టింది వాళ్ళకి మంచిది. డిఫరెన్షియల్‌లో పళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ జారతాయి. అక్కడ ఆయిల్‌లో గంధకం ఎక్కువుండాలి, లేకపోతే ఉక్కు కాలిపోతుంది. అందుకని ఐదు. అదే ఐదు తీసుకెళ్ళి పాత గేర్‌బాక్సులో పోస్తే, వేడెక్కినప్పుడల్లా ఆ గంధకం ఇత్తడిని కొరుక్కుతింటుంది. పోసిన రోజు ఏం కాదు. నాలుగైదు నెలలకి గేరు పడదు."

"ఎలా రుజువు చేస్తావ్?"

"రాగి రేకుతో. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే. పొయ్యి కావాలి."

మైదానం మొత్తం మీద పొయ్యి ఉన్నది ఒక్క చోటే. టీ, స్కోన్ బన్నులు, జామ్ అమ్మే బల్ల దగ్గర. అది మ్యూరియల్ థ్రింగ్‌ది. ఆబ్రే భార్య. ఉసిరి జామ్ అక్కడికక్కడే కాచి సీసాల్లో పోస్తుంది. జనం వరస కడతారు. ఆవిడ మాట తక్కువ మనిషి. మాట్లాడాల్సినవన్నీ ఆబ్రేయే మాట్లాడేస్తాడు కాబట్టి ఆవిడకి మిగలవు.

"మ్యూరియల్, నీ పొయ్యిలో ఒక మూల నాకిస్తావా? జామ్ థర్మామీటరు కూడా కావాలి."

"ఏం వండుతావ్?"

"ఆయిల్."

ఆవిడ జామ్ కుండ ఒక పక్కకి జరిపింది. "నా స్కోన్లకి వాసన పట్టించకు."

రాగి గొట్టం ముక్క చీల్చి మూడు రేకులు చేశాను. సన్నటి గరుకు కాగితంతో అద్దంలా రుద్దాను. మూడు బీన్సు డబ్బాలు కడిగాను. ఒకదాంట్లో మేజర్ గేర్‌బాక్సులోంచి దింపిన ఆయిల్. రెండోదాంట్లో నా వ్యానులో సీలు తియ్యని డబ్బాలోంచి జీఎల్ నాలుగు. మూడోదాంట్లో డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్ ఐదు. మూడింట్లో మూడు రేకులు. మూడూ ఇసుక పోసిన పెనం మీద పెట్టాను. థర్మామీటరు జామ్ గీత దాటి ఇంకో పదిహేను డిగ్రీలు ఎక్కేదాకా మంట పెంచాను. టైము రెండు దాటింది.

మేజర్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. "నేను కదలను. ఎవరూ ముట్టుకోకుండా చూస్తా."

"మీరు నా పక్షమా?"

"నేను నా కారు పక్షం."

పావుగంటకి వాసన మొదలైంది. కుళ్ళిన కోడిగుడ్డు, అగ్గిపుల్ల కలిపితే వచ్చే వాసన. వరసలో ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. మ్యూరియల్ చేతిలోని గరిటె ఆగిపోయింది.

"ఈ వాసన..." అంది.

"ఏంటి?"

"ఏం లేదు." మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. తర్వాత చాలాసేపు తుడిచిన సీసాలనే తుడుస్తూ ఉంది. మూడింటికి ఆబ్రే టీ కోసం వచ్చాడు. డబ్బాల కేసి చూసి, "ఏంటీ మంత్రగత్తె వంట!" అని నవ్వాడు. మ్యూరియల్ కప్పు అతని ముందు పెట్టింది. పంచదార వెయ్యలేదు. మొహంలోకి చూడలేదు.

మొగుడూ పెళ్ళాల సంగతి నాకెందుకని నేను మంట చూసుకున్నాను.

* * *

ఆ మధ్యలో నేను చేసిన పని ఇంకోటుంది. నా పనుల పుస్తకం తీశాను. రెండేళ్ళలో నేను పదిహేను గేర్‌బాక్సులు కట్టాను. చెడిపోయినవి నాలుగు. మిగతా పదకొండు బంగారంలా తిరుగుతున్నాయి. చేతులు అవే, పనిముట్లు అవే, ఆయిల్ అదే. మరి ఆ నాలుగింటికే ఏమైంది?

మిగతా ముగ్గురు యజమానులూ మైదానంలోనే ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. తిప్పుకున్న వైపుకే వెళ్ళి నిలబడి అడిగాను. అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. "చలికాలం మీ కారు ఎక్కడుంది?"

ముగ్గురూ ఒకే జవాబు చెప్పారు. తిరిగొచ్చి మేజర్‌ని అడిగాను. అతనూ అదే చెప్పాడు.

ఆబ్రే కొట్టంలో.

దాంట్లో వింతేం లేదు. ఆబ్రేకి రాతి కొట్టం ఉంది, పొడిగా ఉంటుంది. ఇంట్లో చోటు లేనివాళ్ళు నవంబరు నుంచి మార్చి దాకా కార్లు అక్కడ పెట్టుకుంటారు. ఆయన డబ్బు కూడా తీసుకోడు. నేను కట్టిన మిగతా పదకొండింటికీ ఇళ్ళ దగ్గరే చోటుంది. ఆ కొట్టంలోనే ఒక మూల క్లైవ్ డగ్గన్ తన విడిభాగాలు పెట్టుకుంటాడు. అతనికి రోజూ రాకపోకలు ఉంటాయి.

నేను క్లైవ్ వ్యాను వైపు చూశాను. జాబితాలో నేను లేకపోతే మిగిలేది ఒక్కడే. లెక్క సరిపోయింది. అంత తేలిగ్గా సరిపోవడమే నాకు నచ్చలేదు.

* * *

అయిదింటికి గుడారంలో నలభై మంది ఉన్నారు. బల్ల వెనక ఏడుగురు. మధ్యలో ఆబ్రే. చివర్లో సమావేశం మినిట్స్ రాసుకునే కార్యదర్శి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని.

"థెల్మా ఒక ఉత్తరం ఇవ్వబోతోందని ఆశిస్తున్నాను" అన్నాడు ఆబ్రే.

"ఇస్తాను" అన్నాను. కవరు అతని ముందు పెట్టాను. రెండు ముక్కలుగా. "ఇప్పుడు నా వంట తినండి."

మూడు డబ్బాలు బల్ల మీద పెట్టి, పట్టకారుతో రేకులు ఒక్కొక్కటీ తీసి తెల్ల రుమాలు మీద పరిచాను. నా జీఎల్ నాలుగులోది కొత్త రాగి నాణెంలా మెరుస్తోంది. జీఎల్ ఐదులోది బొగ్గు. మేజర్ గేర్‌బాక్సు ఆయిల్‌లోది కూడా బొగ్గే. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

గుడారంలో గుసగుస మొదలైంది. మేజర్ లేచి నిలబడ్డాడు. "ఆయిల్ నా ముందే దింపింది. మూడు గంటలు నేను కదల్లేదు. మూత్రానికి కూడా వెళ్ళలేదు."

"అది మినిట్స్‌లో రాయాలా?" అన్నాడు కార్యదర్శి.

ఆబ్రే రేకుల్ని గొడుగు కొనతో ఇటూ అటూ కదిపాడు. "సరే. గేర్‌బాక్సులో ఐదు ఉంది. ఒప్పుకుంటాను. దాని అర్థమేంటి, థెల్మా? నీ దగ్గర రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకోటి పోశావ్. వయసు మీద పడ్డాక ఎవరికైనా జరుగుతుంది. తప్పు ఏంటో మనకి తెలిసింది. చాలా బాధగా ఉంది, కానీ..."

"బాధ తర్వాత పడుదువు గానీ. అందరూ లేవండి."

"ఏంటి?"

"మైదానంలో నా చేత్తో కట్టిన కార్లు ఇంకా ఆరున్నాయి. వెళ్ళి కిందకి దూరి, బిరడా దగ్గర తీగ చూసి రండి. మెలిక ఎటు తిరిగిందో చూడండి చాలు."

"థెల్మా, ఇది మర్యాద కాదు..."

"నన్ను నెలల తరబడి ఈ మైదానంలో దొంగని చూసినట్టు చూశారు. ఎవరూ నన్నొక్క ప్రశ్న అడగలేదు. అది మర్యాదేనా? లేవండి. లేదంటే ఈ గుడారం నా మీద పడేదాకా నేను ఇక్కడే ఉంటాను. టెంటు తాళ్ళు విప్పేవాళ్ళకి రేపు పొద్దున్న నేనే టీ పెట్టిస్తా."

మొదట మేజరే కదిలాడు. అతని వెనక మిగతావాళ్ళు. పది నిమిషాలపాటు హాక్‌స్టో మైదానంలో ఇస్త్రీ ప్యాంట్ల పెద్దమనుషులు ఆరు కార్ల కింద గడ్డిలో వెల్లకిలా పడుకుని ఒకరికొకరు అరుచుకున్నారు. "ఎడమకి!" "ఇదీ ఎడమకే!" "నా నడుం పట్టేసింది, ఎవరైనా లాగండి!"

వాళ్ళు తిరిగొచ్చాక జేబులోని తీగ తీసి రుమాలు మీద పెట్టాను. కళ్ళున్నవాడికి కనపడుతోంది. అది కుడికి తిరిగింది.

"ఇది ఒక్క కారు" అన్నాడు ఆబ్రే. "మిగతా మూడు కార్ల సంగతి మనకి తెలియదు."

"నాకు తెలుసు."

ఆ మాట అన్నది క్లైవ్ డగ్గన్. వెనక స్తంభం దగ్గర నిలబడ్డాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"ఆ మూడూ విప్పింది నేనే" అన్నాడు. "మూడింటికీ తీగ మామూలుగా, అందరిలాగే కుడికే ఉంది. థెల్మా కట్టిందే అనుకున్నా. ఆమె ఎడమకి తిప్పుతుందని నాకు ఈరోజు దాకా తెలీదు. మూడింట్లోనూ ఆయిల్ కుళ్ళు వాసనే. నేను..." ఆగాడు. "నేను ఎవరికీ చెప్పలేదు. పని నాకే వస్తోంది కదా అని ఊరుకున్నా. అది నా వెధవతనం. రాసుకోండి."

కార్యదర్శి రాసుకున్నాడు.

"నాలుగు కార్లూ చలికాలంలో ఉన్నది ఒకే చోట" అన్నాను. "ఆబ్రే కొట్టంలో. నేను కట్టిన మిగతా పదకొండూ అక్కడ లేవు. వాటికేం కాలేదు."

నలభై తలలు బల్ల వైపు తిరిగాయి. ఆబ్రే వెనక్కి ఆనుకున్నాడు.

"ఆ కొట్టానికి తాళం ఉండదు. అందరికీ తెలుసు. ఎవరైనా రావచ్చు, పోవచ్చు." గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. "రోజూ వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు."

తలలన్నీ మళ్ళీ తిరిగాయి. ఈసారి స్తంభం వైపు. క్లైవ్ మొహం తెల్లబడింది. "నేను కాదు" అన్నాడు. "దేవుడి మీద ఒట్టు, నేను కాదు." ఎవరో "మరి లాభం ఎవరికోయ్?" అన్నారు. ఇంకెవరో అతని భుజం పట్టుకున్నారు.

ఆ క్షణంలో నేను నోరు మూసుకుంటే చాలు. నా పేరు కడిగేసినట్టే. బోర్డు నాది, జాబితా నాది, క్లైవ్ ఇంటికి. పొద్దుట్నుంచీ అతను నా మీద వేసిన జోకులకి చెల్లుకి చెల్లు.

"వదలండి అతన్ని" అన్నాను. "ఈ పని చేసినవాడైతే ఆ తీగల సంగతి ఇప్పుడే లేచి తనంతట తను చెప్తాడా? ఆ మూడు కార్లూ విప్పింది ఒక్క అతనే. నోరు మూసుకునుంటే నా దగ్గర ఒక్క తీగే ఉండేది. బుర్రలున్నాయా మీకు?"

"అయితే ఎవరు?" ఆబ్రే గొడుగు బల్ల మీద కొట్టాడు. "పేరు చెప్పు, థెల్మా! పేరు లేకుండా ఇంతమంది ముందు నిందలు వెయ్యడం ఈ క్లబ్బులో కుదరదు. పేరు చెప్పు, లేదా కూర్చో."

"నేను కూర్చోను. చూడని దానికి పేరు కూడా పెట్టను. నాకు అనుమానం ఉంది. అనుమానంతో పేరు పెట్టడం ఎలా ఉంటుందో ఈ ఏడాదంతా నేను తిన్నాను, ఇంకొకరికి వడ్డించను. కానీ విను ఆబ్రే. అందరూ వినండి. నేను సంతకం పెట్టను. ట్రే తీసుకోను. జాబితాలోంచి నా పేరు తీస్తే, పాట పాడుతూ ప్రతి వారం ఈ మైదానానికి వచ్చి, ప్రతి కారు కిందా దూరి, ఎవడు ఏ ఆయిల్ పోశాడో వాసన చూసి అరుస్తాను. మీరు నన్ను పంపించలేరు. నేను వెళ్ళే రకం కాదు."

కార్యదర్శి కలం ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "అంటే... కారణం దగ్గర ఏం రాయమంటారు? ఎవరో తెలియని వ్యక్తి అని రాయనా?"

"వద్దు."

గుడారం తెర దగ్గర మ్యూరియల్ నిలబడి ఉంది. ఏప్రన్ మీద జామ్ మరకలు. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు.

"మ్యూరియల్, టీ తర్వాత తాగుతాం" అన్నాడు ఆబ్రే.

"టీ తేలేదు." నెమ్మదిగా లోపలికి నడిచింది. ఆవిడ గొంతు అంతమంది ముందు నేనెప్పుడూ వినలేదు. "ఫిబ్రవరిలో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చాం. చలికి డబ్బాలో ఆయిల్ గడ్డకట్టి కారడం లేదు. నా వంటగదిలో పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, అందులో డబ్బాలు వేడి చేశాం. నాలుగు డబ్బాలు. వారం రోజులు ఇల్లంతా ఆ వాసన పోలేదు. కర్టెన్లు రెండుసార్లు ఉతికాను. ఇవాళ నా పొయ్యి మీద వచ్చింది అదే వాసన."

"మ్యూరియల్" అన్నాడు ఆబ్రే.

"కొట్టంలో టార్చి పట్టుకున్నది నేనే. నాలుగు కార్ల కింద. 'థెల్మా పాతకాలపు నాలుగే పోస్తుంది, మొండిది, నేను రాసింది చదవదు. ఐదు పోస్తే వాళ్ళకే మంచిది, చెప్పక్కర్లేదు, తర్వాత తెలిసి సంతోషిస్తారు' అన్నాడు. మంచిపనే అనుకున్నాను. మొదటి కారు చెడిపోయినప్పుడు అడిగాను. 'దానికీ దీనికీ సంబంధం లేదు, నీకు తెలీదు' అన్నాడు. రెండోది చెడిపోయినప్పుడు అడగలేదు. అతను కూడా ఆ మాట ఎత్తలేదు. నేను ఇన్ని నెలలుగా జామ్ కాస్తూ నోరు మూసుకున్నాను, థెల్మా. అది నా తప్పు. నీ మొహం చూడలేక పంచదార డబ్బా చూసేదాన్ని."

పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

ఆబ్రే లేచాడు. "ఇది ఇంటి విషయం. మనం ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఇప్పుడు కాదు. ఇక్కడ కాదు."

"ఇక్కడే" అంది మ్యూరియల్. "ఆమె పేరు బోర్డు మీద అంటించింది ఇక్కడే కదా."

కార్యదర్శి కలం కాగితానికి ఆనించి తల ఎత్తకుండా అడిగాడు. "క్షమించాలి, మిసెస్ థ్రింగ్. రాసుకోవడానికి పేరు మీరే చెప్పాలి. పూర్తిగా."

ఆవిడ మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ రోజంతటిలో మొదటిసారి.

"ఆబ్రే థ్రింగ్" అంది, వెనక వరస దాకా వినపడేలా.